తొంభై ఒకటో ఏట ట్రంపెట్

సెకండియర్ చివర్లో నా కుడి మణికట్టు మొరాయించింది. యాక్సిడెంట్ కాదు, క్రికెట్ కాదు. ఫెస్ట్ కోసం కీబోర్డ్ మీద ఒక స్పీడ్ పీస్ పట్టుకుని, రోజుకి నాలుగైదు గంటలు, మెట్రోనోమ్ వేగం పెంచుకుంటూ పోయాను. ఫెస్ట్ బాగానే జరిగింది, చప్పట్లు కూడా పడ్డాయి. వారం తిరిగేసరికి బాత్రూంలో బకెట్ ఎత్తాలంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. డాక్టరుగారు చేతికి పట్టీ వేసి, మూడు నెలలు కీబోర్డ్ జోలికి వెళ్ళొద్దన్నారు. "ఈ వయసులో ఇదేంటయ్యా?" అని ఒక మాట కూడా అన్నారు. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ రోజులు గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళకే చెయ్యి ఇలా అయితే నలభైకి ఏం వాయిస్తాను? అరవైకి?

ఆ మూడు నెలలు వినడం తప్ప వేరే పనిలేదు. ఒక రాత్రి యూట్యూబ్ ఎటెటో తిప్పి ఒక ముసలాయన దగ్గర ఆపింది. సూటు, టై, సన్నటి మనిషి. ట్రంపెట్‌ని అందరిలా ఎదురుగా కాకుండా, సీలింగ్ ఫ్యాన్‌కి ఊదుతున్నట్టు పైకెత్తి పట్టుకున్నాడు. పేరు వెతికి, పుట్టిన సంవత్సరం చూసి, అచ్చుతప్పేమో అనుకున్నాను. 1905. ఆయన చివరి రికార్డు 1996లో చేసింది. అంటే 91 ఏళ్ళు.

ఆ రాత్రి వచ్చిన సందేహమే ఈ వ్యాసం. ఊపిరితో, పెదాలతో, వేళ్ళతో చేసే పనిని తొంభై దాటిన మనిషి ఎలా చేయగలడు? "పాపం పెద్దాయన" అని జాలితో కొట్టే చప్పట్ల సంగతి కాదు నేనడిగేది. నిజంగా బాగా ఎలా చేయగలడు?

అసలు జాజ్ గురించి నాకు అప్పటిదాకా ఉన్న అభిప్రాయం దీనికి పూర్తిగా ఉల్టా. జాజ్ వాళ్ళంటే చిన్న వయసులోనే పోయేవాళ్ళని. చార్లీ పార్కర్ 34కి పోయాడు. మత్తుమందులూ తాగుడూ ఆయన ఒంటిని ఎంత పాడుచేశాయంటే, శవాన్ని చూసిన అధికారి వయసు యాభై పైనే ఉంటుందని అంచనా వేశాడు. క్లిఫర్డ్ బ్రౌన్ 25కి కారు ప్రమాదంలో పోయాడు. జాన్ కోల్ట్రేన్ 40కి. సినిమాలు తీసినా పుస్తకాలు రాసినా వీళ్ళ గురించే ఎక్కువ. అదే పార్కర్ వెనక 1949 నుంచి కొన్నేళ్ళు డ్రమ్స్ వాయించిన రాయ్ హేన్స్ సంగతి మాత్రం మనకెవరూ చెప్పరు. ఆయన 1925లో పుట్టి, 2024 నవంబరులో, 99 ఏళ్ళకి పోయాడు. తొంభై దాటాక కూడా పుట్టినరోజు వస్తే న్యూయార్క్‌లో బ్లూ నోట్ క్లబ్‌లో డ్రమ్స్ ముందు కూర్చునేవాడు. 2004లో వచ్చిన ఆయన ఆల్బమ్ పేరు 'ఫౌంటెన్ ఆఫ్ యూత్'. ఆ బ్యాండులో మిగతావాళ్ళు ఆయనకి మనవల వయసువాళ్ళు.

సరే, ముందు ట్రంపెట్ ఎంత మొండి వాయిద్యమో చెప్తాను. మన సన్నాయికైతే నోట్లో పీక ఉంటుంది, అది అదురుతుంది. శాక్సఫోన్‌కి రీడ్ ఉంటుంది. ట్రంపెట్‌కి అలాంటిదేమీ లేదు, పెదాలే అదరాలి. మనం ట్యూనింగ్‌కి వాడే 440 హెర్ట్జ్ స్వరం ట్రంపెట్‌లో రావాలంటే పెదాలు సెకనుకి 440 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ట్రంపెట్ వాళ్ళు 'హై సి' అనే స్వరం దగ్గరికెళ్తే దాదాపు 930 సార్లు. గాలి ఒత్తిడి పొట్ట దగ్గర కండరాల నుంచి రావాలి. వయసు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులు పట్టే గాలి తగ్గుతుంది, పెదాల చుట్టూ కండరం వదులవుతుంది, పళ్ళు కదులుతాయి. కొద్ది రోజులు ప్రాక్టీసు మానేస్తే పాతికేళ్ళవాడికే పెదాలు మాట వినవు. కాబట్టి 91 ఏళ్ళకి ట్రంపెట్ అంటే, మెకానికల్ వాళ్ళ భాషలో, అన్ని పార్టులూ అరిగిపోయాక కూడా ఇంజిన్ నడుస్తోందన్నమాట.

ఆ పెద్దాయన పేరు డాక్ చీతమ్. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్. ఇంట్లోవాళ్ళు ఫార్మసీ చదివించాలనుకున్నారు. ఆ చదువుని వదిలేసి ట్రంపెట్ పట్టుకున్నాడు. డాక్ అనే ముద్దుపేరు మాత్రం ఆ మందుల వాసనతోనే మిగిలిపోయింది. (మన బ్యాచ్‌లో ఎంతమందికి బీటెక్ ఇలాగే పేరు చివర మిగులుతుందో చూడాలి.) 1920లలో చికాగో వెళ్ళాడు. అక్కడ కింగ్ ఆలివర్ అనే పెద్ద విద్వాంసుడి వెనక తిరిగి, ఆయన దగ్గర ఒక మ్యూట్ సంపాదించాడు. మ్యూట్ అంటే ట్రంపెట్ గంటకి అడ్డుపెట్టి శబ్దాన్ని మార్చే వస్తువు. దాన్ని చివరిదాకా దాచుకుని వాడాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రాలేనప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని ఊదిన రోజులు కూడా ఉన్నాయి. 1930లలో క్యాబ్ కాలోవే బ్యాండులో లీడ్ ట్రంపెట్.

ఇక్కడ లీడ్ అంటే మనం గిటార్ విషయంలో అనుకునే లీడ్ కాదు. పెద్ద బ్యాండులో మూడు నాలుగు ట్రంపెట్లు కలిసి ఊదుతున్నప్పుడు అన్నిటికంటే పై స్వరం మోసేవాడు లీడ్. చాలా కష్టమైన పని. వాడు తప్పితే వరస మొత్తం కూలుతుంది. కానీ ముందుకొచ్చి సోలో వాయించేవాడు వేరే ఉంటాడు, పేరు వాడికొస్తుంది. చీతమ్ యవ్వనమంతా ఇలా పేరు రాని పనిలో గడిచిపోయింది. అరవై దాటేదాకా ఆయన్ని సోలోలకి ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోలేదు.

తర్వాత ఏం చేశాడో చూడండి. 1970లలో, అంటే మన ఇళ్ళల్లో తాతయ్యలకి "ఇంక రెస్టు తీసుకోండి" అని చెప్పే వయసులో, తను వాయించింది టేపు రికార్డర్‌లో ఎక్కించి, కూర్చుని వినడం మొదలుపెట్టాడు. ఎక్కడ అలవాటుగా అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఎక్కడ ఇంకెవరిదో అరువు తెచ్చుకున్నది వస్తోంది అని పట్టుకుని, వాటిని ఒక్కొక్కటే తీసేశాడు. మన భాషలో డీబగ్గింగ్. కొత్తవి నేర్చుకోవడం కంటే ఇది ఎంత చేదు పనో, తన గొంతు రికార్డు చేసుకుని విన్న ఎవరికైనా తెలుస్తుంది. నేనొకసారి నా ఫెస్ట్ వీడియో విన్నాను. ఒకే జారుడు ముక్క మూడు నిమిషాల్లో పదకొండు సార్లు వాయించాను. లెక్కపెట్టాను మరి.

1977లో పారిస్‌లో ఒక రికార్డింగ్‌కి వెళ్ళినప్పుడు మైకు చెక్ చేయడానికి ఊరికే ఒక పాట పాడాడు. అది కూడా రికార్డులో వేశారు. జనానికి నచ్చింది. అలా 71 ఏళ్ళకి గాయకుడయ్యాడు! 1980 నుంచి న్యూయార్క్‌లో స్వీట్ బేసిల్ అనే క్లబ్‌లో ఆదివారం ఆదివారం వాయించడం మొదలుపెట్టి, బతికినన్నాళ్ళూ కొనసాగించాడు. విమర్శకులు ఆయన గురించి రాయడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. మామూలుగా కళాకారుడి జీవితంలో ఏది చివరి అధ్యాయమో, ఈయన విషయంలో అసలు కథ అక్కడ మొదలైంది.

1996 సెప్టెంబరులో న్యూ ఆర్లియన్స్‌లో నికలస్ పేటన్ అనే కుర్రాడితో కలిసి ఆఖరి ఆల్బమ్ చేశాడు. పేటన్‌కి అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు. మన సీనియర్ల వయసు. ఇద్దరివీ ట్రంపెట్లే. అందులో 'స్టార్‌డస్ట్' అనే పాత పాట ఉంది. నా రూమ్మేట్ మెకానికల్, వాడికి జాజ్ అంటే ఏంటో తెలీదు. ఇయర్‌ఫోన్ ఒకటి వాడి చెవిలో పెట్టి, "ఇందులో ఇద్దరున్నారు, ముసలాయన ఎవరో చెప్పు" అన్నాను. తడుముకోకుండా చెప్పేశాడు. ఎలా అంటే, "ఈయన గాలి తక్కువగా ఉంది రా, కానీ ఎక్కడాపాలో ఈయనకి బాగా తెలుసు" అన్నాడు. నేను వారం రోజులు విని పట్టుకున్నది వాడు రెండు నిమిషాల్లో చెప్పాడు.

నిజంగా జరిగేది అదే. చీతమ్ ఆ పాట ట్యూనుని వదిలి ఎక్కువ దూరం పోడు. చిన్న చిన్న మాటలుగా విరిచి, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత జాగా వదులుతాడు. ఆ జాగా వినేవాడికి ఊపిరాడక ఆగినట్టు అనిపించదు, చెప్పబోయేది ఆలోచించుకుంటున్నట్టు ఉంటుంది. ఆ సోలోకి 1998లో వాళ్ళిద్దరికీ గ్రామీ వచ్చింది. అప్పటికి చీతమ్ లేడు. 1997 జూన్ 2న పోయాడు, 92వ పుట్టినరోజు ఇంకా 11 రోజులుందనగా. దానికి రెండు రోజుల ముందు దాకా వాయిస్తూనే ఉన్నాడు.

ఇది జాజ్‌లోనే ఎందుకు ఎక్కువ కనిపిస్తుందో అర్థం కావాలంటే జాజ్ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. ఒక పాట తీసుకుంటారు. చాలా పాటలు 32 బార్లు ఉంటాయి. ఆ పాట కింద నడిచే కార్డుల వరస చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో చుట్టునీ కోరస్ అంటారు. మొదటి చుట్టులో అసలు ట్యూన్ వాయిస్తారు. తర్వాతి చుట్లలో ఒక్కొక్కరూ అవే కార్డుల మీద అప్పటికప్పుడు కొత్త ట్యూన్ అల్లుతారు. చివర్లో మళ్ళీ అందరూ కలిసి పాటకొస్తారు. మన కచేరీల్లో స్వరకల్పన విన్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రాగం, తాళం, ఎక్కడ ఎత్తుకోవాలో ముందే ఖాయం. మధ్యలో వచ్చేదంతా మనోధర్మం.

ఇప్పుడు తేడా చూడండి. రాక్‌మనినోవ్ కన్చర్టో వాయించే పియానిస్టుకి ఎనభై ఏళ్ళొచ్చాయని ఆ కాగితం మీద ఒక్క నోటు కూడా తగ్గదు. పాతికేళ్ళప్పుడు ఎన్ని వాయించాలో ఇప్పుడూ అన్నే. జాజ్‌లో అలా కాదు. ప్రశ్నాపత్రం పరీక్ష హాల్లో కూర్చుని తనే రాసుకోవాలి. వేళ్ళు ఎంత వేగంగా కదిలితే అంత వేగమే అడుగుతాడు. వినడానికి ఇది చీటింగులా ఉంది గానీ కాదు. చవకబారు ప్రశ్న రాసుకుంటే హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ క్షణమే తెలిసిపోతుంది. ముప్పై నోట్ల వెనక దాక్కోవచ్చు. నా ఫెస్ట్ పీస్ మొత్తం అలా దాక్కోవడమే. మూడు నోట్లే వాయిస్తే దాక్కోవడానికి చోటుండదు.

ఈ సిద్ధాంతం నాకు బాగా నచ్చింది: వయసొస్తే నోట్లు తగ్గుతాయి, మిగిలినవాటికి బరువు పెరుగుతుంది. రెండు వారాలు అందరికీ ఇదే చెప్పుకుని తిరిగాను. తర్వాత అహ్మద్ జమాల్‌ని విన్నాక అది కాస్త బెణికింది. పిట్స్‌బర్గ్‌లో 1930 జూలై 2న పుట్టిన పియానిస్టు. (సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, జూలై 6న, మన తూర్పు గోదావరిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పుట్టారు. వీళ్ళిద్దరూ ఎప్పుడైనా కలిశారని కాదు, కానీ నా డైరీలో ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకున్నాను. బాలమురళిగారు కూడా ఎనభై దాటాక కచేరీలు చేశారు.) జమాల్ 1958లో, 27 ఏళ్ళకే, చికాగోలో పెర్షింగ్ హోటల్‌లో రికార్డు చేసిన ఆల్బమ్ వందకు పైగా వారాలు అమెరికా చార్టుల్లో ఉంది. అందులో ఉన్న గొప్పతనమంతా ఖాళీలే. ఎక్కడ వాయించకూడదో తెలిసిన చెయ్యి. మైల్స్ డేవిస్ అంతటివాడు ఆ ఖాళీల కోసం ఆయన్ని వినేవాడు. అంటే తక్కువ వాయించడానికి ముసలితనం అక్కర్లేదు, ఇరవై ఏడేళ్ళకి కూడా వస్తుంది. జమాల్ 2017లో 'మార్సెయ్' అనే ఆల్బమ్ చేసినప్పుడు ఆయనకి 86. వినండి, కొన్ని చోట్ల 1958 కంటే ఎక్కువే వాయించాడు! కాబట్టి నా సిద్ధాంతాన్ని సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతా సగాన్ని వేన్ షార్టర్ తీసేశాడు. ఈయన గురించి కాస్త వివరంగా చెప్పాలి, నాకు వీళ్ళందరిలో ఎక్కువ ఇష్టమైనవాడు కాబట్టి.

1933లో న్యూజెర్సీ నెవార్క్‌లో పుట్టాడు. టెనర్, సోప్రానో శాక్సఫోన్లు వాయించేవాడు. ఇరవైల్లో ఆర్ట్ బ్లేకీ బ్యాండు, ముప్పైల్లో మైల్స్ డేవిస్ బ్యాండు, ఆ తర్వాత వెదర్ రిపోర్ట్. మూడూ జాజ్ చరిత్రలో పెద్ద పేర్లే. అక్కడితో ఆగిపోయినా పుస్తకాల్లో ఉండేవాడు. 1996లో విమాన ప్రమాదంలో భార్య పోయింది. 2000లో, 67 ఏళ్ళకి, కొత్తగా ఒక క్వార్టెట్ పెట్టాడు. పియానో డానిలో పెరెజ్, బేస్ జాన్ పటిటూచి, డ్రమ్స్ బ్రయాన్ బ్లేడ్. ముగ్గురూ ఆయనకంటే పాతికేళ్ళకి పైగా చిన్నవాళ్ళు. బ్లేడ్ అయితే 37 ఏళ్ళు చిన్న.

ఇంతమంది కుర్రాళ్ళు చుట్టూ ఉంటే పెద్దాయన మధ్యలో కూర్చుని తన పాత హిట్లు వాయించుకోవచ్చు. జనం టికెట్టు కొని మరీ వింటారు. షార్టర్ అలా చేయలేదు. పాత పాటలే తీసుకుని, గుర్తుపట్టలేనంతగా విప్పేశాడు. 2013లో వచ్చిన 'వితౌట్ ఎ నెట్' ఆల్బమ్ మొదటి పాట 'ఆర్బిట్స్'. దాన్ని ఆయన 1966లో మైల్స్ డేవిస్ బ్యాండుకి రాసి ఇచ్చాడు. రెండూ వెంటవెంటనే వింటే రెండోదాంట్లో పాత ట్యూను తాలూకు ఎముక ఒకటి రెండు చోట్ల తగులుతుంది, అంతే. నలుగురిలో ఎవరు ఎప్పుడు ఎటు తిప్పుతారో మిగతా ముగ్గురికీ తెలీదు. ముందే అనుకుని రారు. నెట్ లేకుండా అన్న పేరు సర్కస్ వాళ్ళ కింద కట్టే వల గురించి. అదే ఆల్బమ్‌లో 'పెగాసస్' అని 23 నిమిషాల పీస్ ఉంది, అందులో ఈ నలుగురితో పాటు ఇమానీ విండ్స్ అనే అయిదుగురి బృందం కూడా ఉంటుంది. మొదటిసారి నాకు బుర్ర తిరిగింది. నాలుగోసారికి కానీ దారి దొరకలేదు.

ఆ ఆల్బమ్ వచ్చేటప్పటికి ఆయనకి ఎనభై దగ్గరపడుతోంది. 43 ఏళ్ళ తర్వాత బ్లూ నోట్ కంపెనీకి తిరిగొచ్చి చేసిన రికార్డది. ఆ తర్వాత 2018లో 'ఎమనాన్'. మూడు డిస్కులు, వాటితో పాటు ఒక గ్రాఫిక్ నవల. (పేరుని ఇంగ్లీషులో వెనకనుంచి చదివితే 'నో నేమ్' అని వస్తుంది. 85 ఏళ్ళ మనిషి చేసిన చిలిపి పని.) దానికి గ్రామీ వచ్చింది. ఆపైన ఒంట్లో బాగోక స్టేజీ మీద వాయించడం ఆపాల్సి వచ్చింది. ఊదలేడు, సరే. కూర్చుని ఒక ఓపెరా పూర్తిచేశాడు. పేరు 'ఇఫిజెనియా'. ఎస్పెరాన్సా స్పాల్డింగ్ మాటలు రాసి, తనే ప్రధాన పాత్ర పాడింది. 2021 నవంబరులో బోస్టన్‌లో మొదటి ప్రదర్శన. సెట్ డిజైన్ చేసింది ఫ్రాంక్ గెహ్రీ, బిల్బావో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కట్టిన ఆర్కిటెక్ట్. సివిల్ వాళ్ళు ఇక్కడ ఒక నిమిషం ఆగండి: గెహ్రీకి అప్పుడు 92, షార్టర్‌కి 88. 2023 ఫిబ్రవరిలో షార్టర్‌కి ఇంకో గ్రామీ వచ్చింది, అదీ అప్పటికప్పుడు అల్లిన సోలోకి. మార్చి 2న పోయాడు.

ఇందులో నా 'తక్కువ నోట్ల' సిద్ధాంతం ఎక్కడుంది? శాక్సఫోన్ మీద షార్టర్ నిజంగానే తక్కువ ఊదేవాడు. రెండు మూడు స్వరాలు, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. కానీ పని మాత్రం సులువు చేసుకోలేదు, ఇంకా కష్టం చేసుకున్నాడు. కాబట్టి ఇప్పుడు నా అభిప్రాయం ఇది. ఒంటికి కుదరనిది వదిలేయడం అందరూ చేస్తారు, చేయక తప్పదు. మంచి పని చేసినవాళ్ళు అక్కడ మిగిలిన శక్తిని ఇంకోచోట, అప్పటిదాకా తమకి చేతకాని చోట పెట్టారు. చీతమ్ టేపు వినడంలో, పాడటంలో పెట్టాడు. షార్టర్ కలిసి వాయించడంలో, ఓపెరాలో పెట్టాడు. హ్యాంక్ జోన్స్ అని ఇంకో పియానిస్టు ఉన్నాడు, పదిహేనేళ్ళకి పైగా సీబీఎస్ స్టూడియోలో జీతానికి పనిచేశాడు. మార్లిన్ మన్రో కెనెడీకి హ్యాపీ బర్త్‌డే పాడినప్పుడు పియానో ఈయనదే. ఆ ఉద్యోగం అయిపోయాక, యాభై ఏడో ఎనిమిదో ఏట, గ్రేట్ జాజ్ ట్రియో మొదలైంది. 2010 ఫిబ్రవరిలో బేస్ వాయించే చార్లీ హేడెన్‌తో ఇద్దరే కూర్చుని భక్తి పాటలు రికార్డు చేశాడు. మే నెలలో పోయాడు, 91.

అన్ని కథలూ ఇలా ఉండవు. సోనీ రోలిన్స్ కథ చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. 1959లో, ఇంకా ముప్పై నిండకముందే, పేరు మంచి ఊపులో ఉండగా, తన వాయింపు తనకే నచ్చక కచేరీలు మానేశాడు. అపార్ట్‌మెంట్‌లో వాయిస్తే పక్కింట్లో గర్భిణికి ఇబ్బంది అని, న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మీదకెళ్ళి, రైళ్ళ చప్పుడులో గంటల తరబడి ప్రాక్టీసు చేశాడు. రెండేళ్ళు. (హాస్టల్లో కీబోర్డ్ వాయించి తిట్లు తిన్నవాడిగా ఈ భాగం నాకు ప్రత్యేకం.) 2001 సెప్టెంబరు 11న ఆయన ఇల్లు వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి కొద్ది వీధుల దూరంలోనే ఉంది. శాక్సఫోన్ ఒక్కటి పట్టుకుని మెట్లు దిగి బయటపడ్డాడు. నాలుగు రోజులకి, 71 ఏళ్ళ వయసులో, బోస్టన్‌లో కచేరీ చేశాడు. ఆ రికార్డు 'వితౌట్ ఎ సాంగ్' అని 2005లో వచ్చింది. వినితీరాలి.

ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది, పల్మనరీ ఫైబ్రోసిస్. 2012 తర్వాత కచేరీలు లేవు. 2014కల్లా ఇంట్లో కూడా శాక్సఫోన్ ఊదలేకపోయాడు. ఇక్కడ 'తక్కువ ఊదుదాం' అనే ఉపాయం పనిచేయలేదు, గాలే లేదు కాబట్టి. రోజూ ప్రాక్టీసు చేయకపోతే ఉండలేని మనిషికి అదెలా ఉండి ఉంటుందో ఊహించడానికి నేను నా మూడు నెలల పట్టీని గుర్తుచేసుకుని, సిగ్గేసి మానేశాను. ఆయన చాలా ఏళ్ళుగా రాసుకున్న నోటుబుక్కులు 2024లో పుస్తకంగా వచ్చాయి.

డబ్బు సంగతి కూడా ఉంది. ఎనభై ఏళ్ళకి స్టేజీ ఎక్కే ప్రతివాడూ కళ కోసమే ఎక్కుతున్నాడనుకోవడం మన అమాయకత్వం. క్లబ్బుల్లో ఏ రాత్రికారాత్రి కూలి తీసుకునేవాళ్ళకి పీఎఫ్ ఎక్కడిది? చాలామంది వాయించకపోతే అద్దె కట్టలేరు. న్యూయార్క్‌లో 1989లో జాజ్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా అనే సంస్థ పెట్టాల్సి వచ్చింది ఇలాంటివాళ్ళ అద్దెకీ వైద్యానికీ సాయం చేయడానికే. పల్లెల్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన పెద్దవాళ్ళని చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మనవాళ్ళకి దగ్గరి సంబంధం ఉన్న రెండు కథలు త్వరగా చెప్పేస్తాను. చార్లెస్ లాయిడ్, 1938, మెంఫిస్. 1960లలో రాక్ అభిమానులు కూడా ఎగబడి విన్న శాక్సఫోనిస్టు. మధ్యలో అన్నీ వదిలేసి కాలిఫోర్నియాలో సముద్రం పక్కన ఏళ్ళ తరబడి ఏకాంతంగా ఉండిపోయాడు. తిరిగొచ్చాక, అరవై దాటాక, జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి 'సంగం' చేశాడు. 2024 మార్చి 15న, తన 86వ పుట్టినరోజున, రెండు డిస్కుల కొత్త ఆల్బమ్ విడుదల చేశాడు. డ్రమ్స్ ఎవరనుకున్నారు? షార్టర్ దగ్గర వాయించిన బ్రయాన్ బ్లేడే.

రెండోది జాన్ మెక్‌లాఫ్లిన్. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి పక్కన రిమెంబర్ శక్తిలో కూర్చున్న గిటారిస్టు. శ్రీనివాస్ గారు ఆయనకంటే 27 ఏళ్ళు చిన్న. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. శక్తి బృందం 2023లో కొత్త ఆల్బమ్ తెచ్చి, 2024లో గ్రామీ అందుకున్నప్పుడు మెక్‌లాఫ్లిన్‌కి 82. ఆ వార్త చూసి మా నాన్న, "ఆ పక్కన మాండలిన్ ఉండాల్సింది" అని, టీవీ కట్టేసి లోపలికెళ్ళిపోయారు.

ఇక రికార్డు మార్షల్ అలెన్‌ది. 1924 మే 25న పుట్టాడు. 1958లో సన్ రా ఆర్కెస్ట్రాలో చేరాడు. అంతరిక్షం నుంచి వచ్చానని చెప్పుకున్న సన్ రా గురించి వేరే వ్యాసం రాయాలి. సన్ రా 1993లో పోయాక, 1995 నుంచి ఆ బృందాన్ని అలెనే నడిపిస్తున్నాడు. ఇన్ని దశాబ్దాల్లో తన ఒక్కడి పేరుతో సోలో ఆల్బమ్ చేయలేదు. వందో పుట్టినరోజు అయిన కొద్ది రోజులకే స్టూడియోకి వెళ్ళాడు. 'న్యూ డాన్' 2025 ఫిబ్రవరిలో వచ్చింది. తొలి ఆల్బమ్, వందేళ్ళకి! నేను ఇరవైకే నా టైం అయిపోయిందనుకుంటూ పట్టీ వేసుకుని పడుకున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి: ముందు చీతమ్, పేటన్‌ల 'స్టార్‌డస్ట్'. అది నచ్చితే జమాల్ 1958, ఆ వెంటనే జమాల్ 2017. షార్టర్‌ని మూడో వారానికి దాచుకోండి, మొదటే పెట్టుకుంటే నన్ను తిడతారు. పరీక్షల ముందు 'పెగాసస్' అస్సలు వద్దు.

పట్టీ తీసి ఏడు నెలలైంది. రోజుకి ఇరవై నిమిషాలే వాయిస్తున్నాను, మెట్రోనోమ్ 60 దగ్గరే పెట్టి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటున్నాను. ఆ జారుడు ముక్క పదకొండు నుంచి నాలుగుకి వచ్చింది. శనివారం రాత్రి తొమ్మిదింటికి మ్యూజిక్ రూంలో 'స్టార్‌డస్ట్' వేస్తున్నాను. స్పీకర్ ఈసీఈ వాళ్ళది, పదిన్నరకల్లా తిరిగిచ్చేయాలి, కాబట్టి కాస్త టైంకి రండి.